నలభై ఒక్క గీతలు

ఈ ఉదయం మా మామగారు తన గదిలోంచి ఇరవయ్యారేళ్ల మనిషిగా బయటికి వస్తున్నారు. నిన్న సాయంత్రం ఆయనకి ఎనభై ఒకటి. పంచె అదే, చొక్కా అదే, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి కుడికాలు ముందు పెట్టే అలవాటూ అదే. జుట్టు మాత్రం నల్లగా, దట్టంగా, పక్కపాపిడి తీసి ఉంది.

"నమస్కారమండీ. నా పేరు అవతారం," అంటారు నాతో. "రాత్రి మీ ఇంట్లో పడుకున్నట్టున్నాను. ఏమనుకోకండి."

నేను నమస్కారం పెట్టి, ఆయన ఎడమచేతి వాచీ వంక చూస్తాను. నా అలవాటు అది. ఎదుటి మనిషి మొహం ఎలా ఉందన్నది తర్వాత, చేతికి ఏముందన్నది ముందు. వాచీ ధగధగా మెరిసిపోతోంది. నిన్న దీపాలు పెట్టేవేళ నేనే దాన్ని తెచ్చి ఆయన చేతికి కట్టాను.

నా భార్య హైమావతి కాఫీ గ్లాసు తెచ్చి ఇస్తుంది. ఆవిడకి యాభై మూడేళ్లు. ఆయన మర్యాదగా లేచి నిలబడి రెండు చేతులా అందుకుంటారు.

"మీకెందుకండీ శ్రమ, పిన్నిగారూ," అంటారు.

హైమ కేక వెయ్యదు. కన్నతండ్రి నోట ఆ మాట విని, కాసేపు ఆయన మొహంలోకే చూసి, నన్ను రెక్క పట్టుకుని వసారాలోకి లాక్కొస్తుంది.

"ఏం చేసేరు మా నాన్నని?"

"నేనేం చెయ్యలేదు. వాచీకి పాలిష్ పట్టించాను."

"ఎంత?"

"మొత్తం."

వసారా గోడకి మా పెళ్లి ఫోటో ఉంది. అందులో నా కాళ్లు ఇత్తడి పళ్లెంలో ఉన్నాయి. అత్తగారు చెంబుతో నీళ్లు పోస్తున్నారు. కడిగే చేతులు మాత్రం లేవు. నా కాళ్లు వాటంతట అవే శుభ్రపడుతున్నాయి. హైమ ఆ ఫోటోని చూసి, నన్ను చూసి, కొంగుతో మొహం తుడుచుకుంటుంది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. కాకినాడలో, భానుగుడి దగ్గర నాకో కళ్లజోళ్ల షాపుంది. అది పొట్టకూటికి. అసలు నేను వాచీలు సేకరించే మనిషిని. అరవై మూడున్నాయి, అన్నీ కీ ఇచ్చేవే. వెర్రి వెయ్యి విధాలంటారు, నాది వెయ్యిన్నొకటో విధమని మా చుట్టాలంటారు. అననివ్వండి, నాకేం? ఒక్కో వాచీకి రిజిస్టరులో ఒక్కో పేజీ రాశాను. డయలు వ్యాసం ఎంత, లోపల చక్రాలకి పొదిగిన రాళ్లెన్ని, ఏ ఏడు తయారైంది, ఒంటి మీద గీతలెన్ని.

మా ఊళ్లో నాలాంటివాళ్లం పదకొండు మందిమి ఒక సంఘం పెట్టుకున్నాం. సంఘానికి ఒకటే నియమం. గీత జోలికి పోకూడదు. వాచీని పెట్టుకున్న మనిషి బతుకే గీతలుగా పడుతుంది కాబట్టి, పాలిష్ పట్టించినవాడు నిజమైన సేకర్త కాడు. వాణ్ని మేం పలకరించం కూడా.

ఇంత తెలిసీ నేనే పట్టించాను. వచ్చే ఆదివారం మా సంఘం ప్రదర్శన. అక్కడ ఒక బల్ల మీద 'ఒకే చేతి మీద యాభై ఏళ్లు' ఉన్న వాచీలు పెడతారు. దానికి మామగారు ఇరవయ్యారో ఏట కొనుక్కున్న ఈ వాచీని మించింది లేదు. కానీ దాని అద్దం మసక, డయలు పచ్చబారింది, అంచంతా గీతలు. నా పేరు రాసిన అట్ట పక్కన దాన్ని అంత బీదగా ఎలా పెట్టను? ఏం పాడుబుద్ధి పుట్టిందో మరి, గీతల కోసం వేసిన బల్ల మీదికి గీతలు తీయించి పట్టుకెళదామనుకున్నాను. మామూలు మనిషి ఈ తప్పు చెయ్యడు. వాడికి వాచీ టైం చెబితే చాలు.

పెరట్లో మామగారు చొక్కా ఉతికి తీగ మీద ఆరేస్తున్నారు.

"ఇది ఆరగానే వెళ్లిపోతానండి," అంటారు.

"ఎక్కడికండీ?"

"తెలీదండి. కానీ నాకెవరూ లేని ఇంట్లో ఎంతసేపని ఉంటాను చెప్పండి?"

మాటలో ఏ తప్పూ లేదు. ఇరవయ్యారేళ్ల అవతారం గారికి పెళ్లి కాలేదు. కూతురు లేదు. కూతురు లేనివాడికి అల్లుడెక్కడినుంచి వస్తాడు? నేను తలాడిస్తాను.

హైమ చెంబుతో నీళ్లు తెచ్చి, ఆయన అటు తిరగగానే చొక్కా మీద చిలకరిస్తుంది.

"ఇలా తడుపుతూనే ఉంటాను," అంటుంది నాతో, గొంతు తగ్గించి. "ఎండ చూసేరా ఎలా ఉందో? గేటు దాటేడంటే మా నాన్నకి ఇంక నేనెవరో ఎప్పటికీ తెలీదు. ఆ గీతలన్నీ ఎక్కడున్నాయో పట్టుకురండి. ఏడంకె పక్కని లోతుగా ఒకటి ఉండాలి. నేను పుట్టినరోజున ఆసుపత్రి ఇనపగేటు తోసుకుని పరిగెడుతుంటే పడిందంట. అదొక్కటి తెచ్చినా చాలు."

"తెలుసు. రిజిస్టరులో ఉంది. రెండున్నర మిల్లీమీటర్లు."

"ఎలా పడిందో రాసుకున్నారా?"

"దానికి గడి లేదు హైమా."

ఆవిడ చెంబు నింపుకు రావడానికి వెళ్లిపోతుంది.

మసీదు సెంటర్లో వాచీలు బాగుచేసే జిలానీ గారి షాపు నిన్నటిదాకా మూడడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. ఇవాళ లోపలికి అడుగుపెట్టాక చాలాసేపు నడుస్తున్నాను. రెండు పక్కలా గోడలకి తోలు బెల్టులు వేలాడుతున్నాయి. దారిలో ఒక స్టూలు, దాని మీద నా కోసం టీ. వేడిగానే ఉంది. తాగి మళ్లీ నడుస్తాను. చిట్టచివర జిలానీ గారు ఒక కంటికి భూతద్దం బిగించుకుని, అద్దంలేని కంటితో నన్ను చూస్తారు.

"ఇయ్యాల కొంచెం దూరమైందండి," అంటారు. "పాలిష్ పనులు ఎక్కువొచ్చినాయి. తీసిన గీతలకి చోటు కావాలి కదండీ."

"అయితే మీరు పారెయ్యలేదా?"

"పారేస్తామేంటండీ! గోళ్లు తీసుకుంటేనే తొక్కుళ్లలో పడకుండా ఓ మూలకి వేస్తాం. ఇయ్యి మనుషుల గీతలాయె."

నాకు ప్రాణం లేచి వస్తుంది. ఆయన బల్ల కిందినుంచి స్టీలు డబ్బా తీసి మూత తెరుస్తారు. లోపల గీతలు కుప్పగా ఉన్నాయి. ఒక్కోటీ చీమకాలంత ఉంది. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

"ఎవరియి వాళ్లకి విడివిడిగా పొట్లాలు కట్టేనండి. నిన్న ఎవరో ఫ్యాను వేసేరు. పొట్లాలన్నీ విడిపోయి ఇదిగో ఇలా కలిసిపోయినాయి. మీరు ఏరుకోండి. మీ మామగారి గీత మీకు తెలీదా?"

పదకొండేళ్లుగా ఆయన మా ఇంట్లోనే ఉంటున్నారు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటాం. చారు పోసుకునేటప్పుడు ఆ వాచీ నా కంటికి జానెడు దూరంలో ఉంటుంది. వ్యాసం అడగండి, చెబుతాను. రాళ్లు పదిహేడు, అది కూడా చెబుతాను. గీతలు నలభై ఒకటి. ఏది ఆయనదో మాత్రం నాకు తెలియదు.

"ఆసుపత్రి గేటుకి తగిలింది ఒకటుండాలి," అంటాను.

జిలానీ గారు వేలు పెట్టి కెలుకుతారు. "ఇది గేటు. ఇది బావి గిలక. ఇది బస్సు తలుపు. ఇదీ గేటే. ఇదీ." చూస్తుండగానే గేటు గీతలు పంతొమ్మిది తేలతాయి. ఈ ఊళ్లో తండ్రులందరూ ఆ గేటుకే చెయ్యి కొట్టుకున్నట్టున్నారు.

"ఏది దేనికి తగిలిందో మీకెలా తెలుస్తోంది?"

"అడుగుతానండి. చెప్తాయి."

"మరి ఎవరిదో కూడా అడగొచ్చు కదా?"

"అడిగేనండి. ఎవరి గీతవే అంటే అన్నీ ఒకటే మాట. నాన్నది, అంటాయి."

పెరట్లో చొక్కా ఆరిపోతూ ఉంటుంది. నేను కొలబద్ద తీసి, రిజిస్టరులో ఉన్న పొడవులకి సరిపోయేవి నలభై ఒకటి ఏరి పొట్లం కట్టుకుంటాను. బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుతున్నానని జిలానీ గారు పెదవి విరుస్తారు. నాకు ఇంకో దారి తోచదు.

ఇంటికొచ్చేసరికి చొక్కా కాలరు ఒక్కటే తడిగా ఉంది. హైమ చెంబు పట్టుకుని తీగ కిందే కూలబడింది. మామగారు గుండీలు పెట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డారు.

"ఒక్క నిమిషం చెయ్యి ఇలా ఇవ్వండి," అంటాను.

ఆయన మొహమాటస్తుడు, నా వెనకే గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడి ఇస్తారు. నేను పొట్లం విప్పి ఒక్కో గీతనీ బొటనవేలితో వాచీ అంచు మీద ఒత్తుతాను. మూడోదానికి ఆయన దగ్గుతారు. పదోదానికి మోకాలు పట్టుకుని మంచం మీద కూర్చుంటారు. ఇరవై దాటాక జుట్టు నెరవడం మొదలవుతుంది. ముప్పయ్యోదాని దగ్గర "నా కళ్లజోడేదీ?" అంటారు. నలభై ఒకటీ అయ్యేసరికి, మంచం మీద ఎనభై ఒక్కేళ్ల మామగారు వీపు వంచుకుని కూర్చుని ఉన్నారు. నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

హైమ ఎదురుగా వెళ్లి నిలబడుతుంది. ఆయన కళ్లు చికిలించి చూస్తారు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

"నూకరత్నం," అంటారు. "ఇంత చిక్కిపోయేవేంటే నా తల్లీ?"

మా ఇంటావంటా నూకరత్నం లేదు. నేను నోరు తెరవబోతే హైమ వెనకనుంచే చేత్తో వద్దంటుంది.

"లేదు నాన్నా, బాగానే ఉన్నాను," అంటుంది.

తర్వాత వంటింట్లోకి వెళ్లి, గట్టు పట్టుకుని ఏడుస్తుంది. "పిలిచింది నన్ను కాదండీ," అంటుంది. "పలకడం మాత్రం నేనే పలికేను. ఏం చెయ్యను, అంత ప్రేమగా పిలుస్తుంటే?"

తప్పంతా నాదేనని చెబుతాను. చేతులు కాలేక ఆకులెందుకండీ, అంటుంది.

అప్పుడే గేటు చప్పుడవుతుంది. గొడుగు వేసుకుని అరవయ్యేళ్లావిడ నిలబడి ఉంది.

"జగన్నాథపురం నుంచొచ్చేనండి. నా పేరు నూకరత్నం," అంటుంది. "మా నాన్న పోయి పాతికేళ్లయిందండి. ఆయన వాచీ నల్లబడిపోయిందని మెరుగు పెట్టించేను. ఇంటికెళ్లి చూసుకుంటే ఫోటోలో కుర్చీ ఉంది గానీ నాన్న లేడండి. జిలానీ గారు మీ ఇల్లు చెప్పేరు. నాన్న గీత మీ దగ్గరికొచ్చేసిందంట కదా. పట్టుకుపోను లెండి. ఒక్కసారి చెవి పెట్టి వింటాను."

గొడుగు మడిచి, మంచం పక్కన కూర్చుని, మామగారి మణికట్టుకి చెవి ఆనిస్తుంది.

"నాన్నే," అంటుంది, కళ్లు మూసుకుని.

"నూకరత్నం, వచ్చేవా," అంటారు మామగారు, ఈవిడనీ హైమనీ మార్చి మార్చి చూస్తూ.

హైమ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. "మీరు పలకండి వదినా," అంటుంది. "నేను ఊరికే పలికేను."

ఆ వెనకే ఇంకో ఆవిడ వస్తుంది. ఆ తర్వాత వరసగా వస్తూనే ఉన్నారు. స్కూలు యూనిఫాంలో ఒక పిల్ల, కర్ర పట్టుకున్న ముసలమ్మ, బ్యాంకు మేనేజరు, చేపల తట్టతో ఒకావిడ. అందరిదీ ఒకటే మాట, నాన్న గీత వినాలి. ఒక్క మణికట్టు మీద ఇంతమందికి చోటెక్కడిది? అందుకని మామగారి ఎడమచెయ్యి కొంచెం కొంచెంగా పొడవవుతోంది. గీతలు వాచీ మీంచి దిగి చర్మం మీదికి సర్దుకుంటున్నాయి. ఎవరి గీత దగ్గర వాళ్లు కూర్చుంటున్నారు. చెయ్యి వసారా దాటి, గేటు దాటి, మురుక్కాలవ పక్కనుంచి రోడ్డెక్కుతుంది.

"నొప్పిగా ఉందా మామగారూ?" అని అడుగుతాను.

"తిమ్మిరి," అంటారు ఆయన. "ఎవరో పిల్ల ఆడుకుంటోంది దాంతో."

హైమ చెప్పులేసుకుంటుంది. "పదండి," అంటుంది. "వీటిల్లో నాది ఒక్కటైనా ఉంటుంది. చివరిదాకా చూసొద్దాం."

చెయ్యి పక్కనే నడుస్తున్నాం. కూరల బండివాడు చక్రం ఆపి, చెయ్యి మీంచి బండి ఎత్తి అటు దింపుకుంటున్నాడు. సైకిలు దిగుతూ ఒకాయన పొరపాటున కాలు తగిలించి, వంగి చేతిని తాకి కళ్లకద్దుకుంటున్నాడు. నేను భూతద్దం కంటికి పెట్టుకుని ప్రతి గీత దగ్గరా ఆగుతున్నాను. పొడవు కొలవడం లేదు.

"ఇది ఎలా పడిందండీ?" అని అడుగుతున్నాను.

"నాకు ఈత నేర్పుతుంటే రాయి గీసుకుందండి."

"బళ్లో నన్ను కొట్టిన మాస్టారి మీదికెళ్లేడండి మా నాన్న. ఆ బెంచీది."

"నా పెళ్లికి పందిరి రాట పాతుతుంటే."

"తెలీదండి. చిన్నప్పట్నుంచీ ఉంది. దాని మీద వేలు పెట్టుకుని నిద్రపోయేదాన్ని."

అరవై మూడు వాచీలున్నా ఈ ప్రశ్న నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. నిజమైన సేకర్త అంటే ఎవరో ఇన్నాళ్లూ సంఘంలో గంటలు గంటలు మాట్లాడాను. ఇప్పుడెవరైనా అడిగితే చెప్పలేను. హైమ మాత్రం ప్రతిచోటా వంగి చూసి, "ఇది కాదు," అని లేస్తోంది.

భానుగుడి సెంటర్లో బస్టాపు అరుగు మీద ఆ చెయ్యి పూర్తవుతుంది. అరచెయ్యి వెల్లకిలా ఉంది. నలభై ఒకటో గీత దగ్గర చేపల తట్ట ఆవిడ కూర్చుంది. ఆవిడ తర్వాత వాచీ ఉంది, దాని మీద ఒక్క గీత కూడా లేదు. నలభై ఒకటికి నలభై ఒక్కమందీ వచ్చేశారు. నేను ఏరిన వాటిలో ఒక్కటి కూడా మాది కాదు.

"నాది లేదండీ," అంటుంది హైమ.

ఆ గొంతు విని తట్టుకోలేకపోతున్నాను. జేబులో సన్న స్క్రూడ్రైవరు ఉంది. తీసి, ఏడంకె పక్కన మొన ఆనిస్తాను. రెండున్నర మిల్లీమీటర్లు. సంఘం ఏమైనా అనుకోనీ.

హైమ నా మణికట్టు పట్టుకుంటుంది.

"వద్దు," అంటుంది. "దొంగ గీతకి పుట్టమంటారా నన్ను?"

స్క్రూడ్రైవరు రోడ్డు మీద పడి దొర్లిపోతుంది. హైమ అరుగు కింద మెట్టు మీద, ఆ అరచేతికి వీపు పెట్టి కూర్చుంటుంది. పొద్దున్నుంచి ఎండలో ఉంది. ముడి వదులై జుట్టు సగం జారింది. ఇంటికెళ్దామా అని అడగాలనుకుంటాను. ఏ ఇంటికని అడిగితే ఏం చెప్పను?

వెనక అరుగు మీద వేళ్లు కదులుతాయి. చెయ్యి నెమ్మదిగా తిరగబడి, గాలిలో వెతికి, హైమ తలని తాకి ఆగుతుంది. నడినెత్తిన రెండు సుడులున్న చోట వేలు గుండ్రంగా తిరుగుతుంది, ముందు ఒక సుడి, తర్వాత రెండోది. ముడి విప్పుతుంది. జుట్టుని మూడు పాయలు తీస్తుంది.

ఒంటిచేత్తో జడ వెయ్యడం ఎవరివల్లా కాదు. రెండో చెయ్యి అక్కడ ఇంట్లో మంచం మీద ఉంది. ఈ చెయ్యి అటూ ఇటూ తడిమి, నా వేళ్లు దొరకబుచ్చుకుని, ఒక పాయ నా చేతిలో పెడుతుంది. నేను తప్పు వైపుకి వేస్తాను. నా చేతి మీద ఒక్కటిస్తుంది. సరిగ్గా వేస్తాను.

దూరంగా, మా వీధి వైపునుంచి ఒక మాట వస్తోంది. నూకరత్నం పక్కావిడకి చెబుతోంది, ఆవిడ ఆ పక్కావిడకి. ఒక్కొక్కరూ తల తిప్పి చెప్పి మళ్లీ తన గీతకి చెవి ఆనించుకుంటున్నారు. నలభై నోళ్లు దాటి మాట చేపల తట్ట ఆవిడ దగ్గరికి చేరుతుంది.

"నెత్తిన చుక్క నూనె లేదేంటే హైమా, అంటున్నారంటండి మంచం మీద పెద్దాయన," అంటుంది ఆవిడ. చుట్టూ చూస్తుంది. "హైమెవరండీ?"

హైమ బళ్లో హాజరు చెప్పినట్టు చెయ్యెత్తుతుంది. నవ్వుతోంది, చెంపల నిండా నీళ్లు కారుతున్నాయి.

"నేనేనండీ," అంటుంది చివరికి. "రేపు రాసుకుంటానని చెప్పండి. నాన్నా, అని చెప్పండి ముందు."

ఆ మాట వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది.

హైమ జుట్టు భుజం కింద జానెడే ఉంటుంది. ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను. అయినా పాయ మీద పాయ పడుతోంది గానీ జడ కొసకి రావడం లేదు. అది పెరిగినకొద్దీ నేను వెనక్కి నడుస్తున్నాను, ఆయన చెయ్యీ నాతో పాటే పొడవవుతూ వస్తోంది. నా షాపు దాటాం. సినిమా హాళ్లు దాటాం. హైమ ఇప్పుడు కనిపించదు. జడ మీద కాకులు వరసగా వాలి మళ్లీ లేస్తున్నాయి. దీనికెక్కడ ముడి వెయ్యాలో నాకు తెలియదు, ఆయనకి తెలిసినట్టూ లేదు. కాళ్లకి ఇసక తగిలింది, ఆ తర్వాత నీళ్లు. అలలు నడుందాకా వస్తున్నాయి. చేపల పడవలో ఇద్దరు తెడ్లు ఎత్తి పట్టుకుని మాకు దారి ఇస్తున్నారు. మరీ బిగించేశామంటే చాలాసేపటికి ఒడ్డునుంచి కబురొస్తుంది, హైమకి నొప్పిగా ఉందంట అని. అప్పుడు నేనూ ఆ చెయ్యీ కలిసి రెండు పాయలు విప్పి, కొంచెం వదులుగా మళ్లీ వేస్తాం.